పద్దు, పద్ధతి

2210. కేంద్ర బడ్జెట్ పత్రాల్లో చూసినా, మన రెండు రాష్ట్రాల శాసనసభలకు ఇచ్చే సంపుటాల్లో చూసినా ఈ నాలుగంకెలకు అర్థం ఒక్కటే: వైద్యం, ప్రజారోగ్యం మీద రెవెన్యూ ఖర్చు. మొదటి అంకె మార్చి చూడండి. 0210 అంటే ఆ రంగం నుంచి ఖజానాకు వచ్చే రాబడి. 4210 అంటే ఆస్పత్రి భవనాల లాంటి ఆస్తుల మీద పెట్టే మూలధన వ్యయం. 6210 అంటే అదే పనికి ప్రభుత్వం ఇచ్చిన అప్పులు. చివరి మూడంకెలు పని ఏమిటో చెబుతాయి, మొదటి అంకె డబ్బు ఏ రకమో చెబుతుంది. పంటల సాగుకు 0401, 2401, 4401, 6401. ఈ సూత్రం పట్టుబడితే బడ్జెట్ పుస్తకం చదవడం సగం వచ్చినట్టే.

ఈ మేజర్ హెడ్ కింద రెండంకెల సబ్ మేజర్ హెడ్, దాని కింద మూడంకెల మైనర్ హెడ్, ఆపైన సబ్ హెడ్, డీటెయిల్డ్ హెడ్, చిట్టచివర ఆబ్జెక్ట్ హెడ్. మొత్తం ఆరు అంచెలు. 2210-03-103 అని ఉందంటే వైద్య ఖర్చులో గ్రామీణ అల్లోపతి సేవలు, వాటిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు. ఆబ్జెక్ట్ హెడ్ దాకా దిగితే ఆ డబ్బు జీతానికా, ప్రయాణానికా, మందులకా అన్నది కూడా తేలిపోతుంది. ఈ చివరి అంచె తెలుగు ఉద్యోగులకు కొత్తేమీ కాదు. 'మాకూ 010 పద్దు కింద జీతాలివ్వండి' అని టెంట్లు వేసుకుని కూర్చున్నవాళ్లు అడిగేది దీన్నే. 010 అంటే జీతాల పద్దు. అందులోకి ఎక్కితే నెలనెలా ట్రెజరీ నుంచి జీతం పడుతుందని భరోసా. అకౌంట్ కోడ్ ధర్నా నినాదమైన చోటు మనది.

మైనర్ హెడ్లలో మరో నేర్పు దాగి ఉంది. ఏ రంగమైనా సరే, 789 కనిపిస్తే అది షెడ్యూల్డ్ కులాల ఉపప్రణాళిక, 796 కనిపిస్తే గిరిజన ఉపప్రణాళిక. వైద్యంలో, విద్యలో, సాగునీటిలో ఈ రెండు సంఖ్యల వరసల్నీ ఏరి కూడితే ఆ వర్గాల పేరిట ఎంత పెట్టారో, ఎంత ఖర్చయిందో బయటికొస్తుంది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉపప్రణాళిక చట్టం తెచ్చినప్పుడు దాని అమలును కొలవడానికి ఆసరాగా ఉన్నవి ఈ అంకెలే. అలాగే ఒక చెడ్డ అంకె కూడా ఉంది: 800, అంటే 'ఇతర ఖర్చులు'. ఎక్కడా ఇమడని చిల్లర ఖర్చు కోసం పెట్టిన ఈ గదిలోకి పెద్ద పెద్ద మొత్తాలు నెట్టేస్తున్నారని కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదికలు పదేపదే ఆక్షేపిస్తాయి. పేరున్న పద్దును ప్రశ్నించవచ్చు. 'ఇతర' అన్నదాన్ని ఏమని నిలదీస్తారు?

లెక్కలు ఏ రూపంలో ఉండాలో కాగ్ సలహా మీద రాష్ట్రపతి నిర్ణయించాలని రాజ్యాంగం 150వ అధికరణం చెబుతుంది. కేంద్రానికీ రాష్ట్రాలకూ ఒకే అచ్చు. ఏ శాఖ ఖర్చు పెట్టిందన్న దానికి బదులు ఏ పనికి ఖర్చయిందన్న దాన్ని ఆధారం చేసుకునే ఇప్పటి వర్గీకరణ 1974 ఏప్రిల్‌లో వచ్చింది. పార్లమెంటు ఆర్థిక పరిశీలన గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా వాడివేడి ప్రసంగాల దగ్గర మొదలుపెడతారు. నాకైతే అసలు పనితనమంతా ఈ అంకెలోనే ఉందనిపిస్తుంది. ప్రభుత్వం డబ్బు అడిగేది ఈ అంకె మీద, సభ ఇచ్చేది ఈ అంకె మీద, ఖర్చు రాసుకునేది ఈ అంకె కింద, ఆడిటర్ పట్టుకునేది ఈ అంకెను, రెండేళ్ల తర్వాత కమిటీ గదిలో కార్యదర్శిని అడిగేదీ ఈ అంకె గురించే. ఇచ్చిన చోటే అడగగలగడం ఈ ఏర్పాటుకున్న బలం.

ఇక ఇవ్వడం ఎలా జరుగుతుందో చూద్దాం. ఒక్కో మంత్రిత్వ శాఖ, లేదా విభాగం, తన అవసరాన్ని ఒక డిమాండ్‌గా సభ ముందు పెడుతుంది. పత్రికల్లో 'పద్దులపై చర్చ' అని రాసేది వీటి గురించే. కేంద్రంలో ఇవి ఇప్పుడు వంద చిల్లర. ఒక్కో డిమాండ్ లోపల నాలుగు అరలు: రెవెన్యూలో ఓటుకు పెట్టేది, ఓటు అక్కర్లేనిది, మూలధనంలో ఓటుకు పెట్టేది, ఓటు అక్కర్లేనిది. ఓటు అక్కర్లేనిదంటే రాజ్యాంగమే నేరుగా సంచిత నిధి మీద మోపిన ఖర్చు: రాష్ట్రపతి, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు, కాగ్ జీతాలు, అప్పుల మీద వడ్డీ, కోర్టు డిక్రీల సొమ్ము. వీటిని చర్చించవచ్చు, ఓటు వేయడానికి లేదు. సభకు నచ్చని తీర్పు ఇచ్చిన న్యాయమూర్తి జీతం ఆగకూడదు. ప్రభుత్వం మారిందని అప్పిచ్చినవాడికి వడ్డీ ఎగ్గొట్టకూడదు. ఒక్కో అర చుట్టూ గోడ ఉంది. ఒక అర లోపల మిగిలిన డబ్బును ఆర్థిక శాఖ నిబంధనల ప్రకారం మరో పద్దుకు మళ్లించుకోవచ్చు. గోడ దాటించడం మాత్రం కుదరదు: మూలధనం నుంచి రెవెన్యూకు రాదు, ఈ డిమాండ్ నుంచి ఆ డిమాండ్‌కు పోదు.

113వ అధికరణం లోక్‌సభకు మూడు అధికారాలిచ్చింది: ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచే అధికారం లేదు. పైగా రాష్ట్రపతి సిఫార్సు, అంటే మంత్రివర్గం చొరవ, లేకుండా ఏ డిమాండూ సభకు రాదు. ఇది సభ చేతులు కట్టేయడమేనని కొందరి వాదన. కాస్త ఆగి చూస్తే ఇందులో ఒక తెలివి కనబడుతుంది. ప్రతి సభ్యుడూ తన నియోజకవర్గానికి ఇంత కలపమని అడగగలిగితే బడ్జెట్ సభదే అవుతుంది. అప్పుడు తప్పు జరిగితే లెక్క అడగాల్సినవాళ్లే లెక్క చెప్పాల్సినవాళ్లవుతారు. ఖర్చు ప్రతిపాదన పూర్తిగా ప్రభుత్వానిది కాబట్టే జవాబుదారీ కూడా పూర్తిగా దానిదే.

తగ్గించే అధికారాన్ని వాడే పనిముట్టు కోత తీర్మానం. లోక్‌సభ నిబంధనల్లో 209వది దీన్ని మూడు రకాలు చేసింది. విధానమే నచ్చకపోతే 'ఈ డిమాండ్‌ను ఒక్క రూపాయికి తగ్గించాలి' అని నోటీసు ఇవ్వాలి, ప్రత్యామ్నాయ విధానం ఏమిటో కూడా చెప్పడానికి సిద్ధంగా ఉండాలి. దుబారా మీద ఆక్షేపణైతే ఎంత మొత్తం తగ్గించాలో నిర్దిష్టంగా రాయాలి. ఫలానా ఫిర్యాదు వినిపించడమే ఉద్దేశమైతే 'ఈ డిమాండ్‌లో వంద రూపాయలు తగ్గించాలి' అంటే చాలు. వేల కోట్ల డిమాండ్‌లో వంద రూపాయల కోత! చదవగానే నవ్వొస్తుంది. ఖజానాకు ఒరిగేదేమీ లేని మాట నిజమే. అయితే ఆ వంద రూపాయలు ఒక సభ్యుడికి ఒక నిర్దిష్టమైన ఫిర్యాదు మీద, ఒక నిర్దిష్టమైన పద్దు కింద, సంబంధిత మంత్రి ఎదుట మాట్లాడే హక్కు కొనిపెడతాయి. కోత ఎంత చిన్నదైనా నెగ్గిందంటే సభ విశ్వాసం పోయినట్టే లెక్క కాబట్టి ప్రభుత్వం దాన్ని తేలిగ్గా వదిలేయలేదు.

వంద డిమాండ్లను సభలో ఒక్కొక్కటిగా నలగ్గొట్టే సమయం ఎప్పుడూ లేదు. అందుకే 1993 ఏప్రిల్‌లో, పి.వి.నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు, శాఖల వారీగా 17 స్థాయీ సంఘాలు వచ్చాయి. 2004లో అవి 24 అయ్యాయి. ఒక్కోదానిలో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. బడ్జెట్ పెట్టాక సభలు కొద్ది వారాలు విరామం తీసుకునేది ఈ సంఘాలు డిమాండ్లను విప్పి చూడడానికే. నిరుడు అడిగినదెంత, ఇచ్చినదెంత, డిసెంబరు నాటికి ఖర్చయిందెంత, మరి ఈ ఏడాది ఇంత ఎందుకు అని అధికారులను కూర్చోబెట్టి అడుగుతారు. టీవీ కెమెరా ఉండదు కాబట్టి పార్టీ గోల కూడా తక్కువ. ఆ తర్వాత సభలో కొన్ని శాఖల మీదే చర్చ సాగుతుంది, చివరి రోజు స్పీకర్ మిగిలినవన్నీ ఒక్క దెబ్బతో ఓటుకు పెట్టేస్తారు. దాన్ని గిలెటిన్ అంటారు. 2018లో, 2023లో అయితే గందరగోళం మధ్య ఒక్క డిమాండ్ మీదా చర్చ లేకుండానే గిలెటిన్ పడింది. యంత్రం ఎంత బాగా చేసినా నడిపేవాళ్లు పక్కన పెడితే అది చేసేదేమీ లేదు.

డిమాండ్లు ఆమోదం పొందినంత మాత్రాన డబ్బు బయటికి రాదు. సభ ఇచ్చిన మొత్తాలూ, ఓటు అక్కర్లేని ఖర్చూ కలిపి ద్రవ్య వినిమయ బిల్లు రావాలి. అది చట్టమైతేనే సంచిత నిధి తలుపు తెరుచుకుంటుంది. 114వ అధికరణం ప్రకారం ఆ బిల్లులో మొత్తాన్ని గానీ, గమ్యాన్ని గానీ మార్చే సవరణ ఏదీ చెల్లదు. ఒకసారి ఓటేసి తేల్చుకున్నదాన్ని వెనక దారిలో తిరగదోడడానికి వీల్లేదన్నమాట.

ఏడాది మధ్యలో కొత్త అవసరం వస్తే అనుబంధ డిమాండ్లు ఉన్నాయి. వాటిలో నాకు బాగా నచ్చే భాగం 'టోకెన్' పద్దు. ఒక శాఖ దగ్గర మిగులు డబ్బుంది. దాన్ని, సభ ఇంతకు ముందెన్నడూ చూడని కొత్త పనికి మళ్లించాలనుకుంటుంది. కొత్తగా ఒక్క రూపాయి అక్కర్లేదు. అయినా సభకు చెప్పకుండా కొత్త పని మొదలుపెట్టకూడదు. కాబట్టి ఆ పద్దు మీద నామమాత్రంగా లక్ష రూపాయలు అడుగుతారు. అడిగేది డబ్బు కోసం కాదని ఇద్దరికీ తెలుసు. ఈ పని మొదలుపెట్టమంటారా అని సభను అడగడానికి బడ్జెట్ భాషలో అదొక్కటే దారి.

రాబడి వైపు పనితనం ఇంకో రకం. చట్టం అనుమతి లేకుండా పన్ను వేయడం గానీ, వసూలు చేయడం గానీ కుదరదని 265వ అధికరణం ఒక్క వాక్యంలో తేల్చేసింది. 2026 మార్చి దాకా అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టాన్ని తీసుకోండి. ఆదాయమంటే ఏమిటో, ఎలా లెక్కించాలో, ఎవరు నోటీసివ్వాలో అందులో ఉండేది. పన్ను పడాలంటే మాత్రం పార్లమెంటు ఏటా ఆర్థిక చట్టంలో రేట్లు చెప్పాలి. ఇల్లు శాశ్వతంగా కట్టేసి, కరెంటు కనెక్షన్ మాత్రం ఏటా కొత్తగా తీసుకోమన్నట్టు. ఏప్రిల్ 1 నాటికి ఆ ఆర్థిక చట్టం రాకపోతే? 1961 చట్టంలోని 294వ సెక్షన్ దానికీ జవాబు పెట్టింది: నిరుటి రేటు, బిల్లులో ప్రతిపాదించిన రేటు, ఈ రెండింటిలో పన్ను కట్టేవాడికి ఏది మేలైతే అది వర్తించేది. సభ ఆలస్యానికి పౌరుడు నష్టపోకూడదని సెక్షన్ రాసినవాళ్లు ముందే ఆలోచించారు.

సుంకాల సంగతి వేరు. కస్టమ్స్ సుంకం పెరగబోతోందని నెల ముందు తెలిస్తే సరుకంతా ఆలోపే రేవు దాటిపోతుంది. సభ ఒప్పుకునేదాకా ఆగితే రాబడి పోతుంది, ఆగకపోతే 265వ అధికరణం పోతుంది. ఈ ముడిని 1931 నాటి తాత్కాలిక పన్ను వసూళ్ల చట్టం విప్పింది; దాని స్థానంలో 2023లో కొత్త చట్టం వచ్చింది. బిల్లులో ఆ మేరకు ప్రకటన ఉంటే, ప్రవేశపెట్టిన రోజు అర్ధరాత్రి దాటగానే కొత్త సుంకం అమల్లోకి వస్తుంది. 75వ రోజులోగా బిల్లు చట్టం కాకపోతే ఆ వసూలు అధికారం దానంతట అదే రద్దయిపోతుంది, అదనంగా వసూలు చేసింది తిరిగి ఇచ్చేయాలి. ప్రభుత్వం చేతికి తాళం ఇచ్చారు, దానికి గడువు బిగించి ఇచ్చారు.

ఇటీవలి కాలంలో పన్ను చట్టాన్ని కమిటీ ఎంత ఓపిగ్గా చదవగలదో చూపిన సందర్భం 1961 చట్టం స్థానంలోకి తెచ్చిన 2025 ఆదాయపు పన్ను బిల్లు. ఫిబ్రవరి 13న లోక్‌సభకు వచ్చింది, 31 మంది సభ్యుల సెలెక్ట్ కమిటీకి వెళ్లింది, జులై 21న నివేదిక వచ్చింది. వందల సెక్షన్లలో 263వ క్లాజులోని ఒక చిన్న ముక్క కమిటీ కంటికి చిక్కింది. రీఫండ్ కావాలంటే గడువులోగా రిటర్న్ వేసి తీరాలని ఆ ముక్క అర్థం. పన్ను పరిధిలోకి రాని చిరుజీతగాడి దగ్గర టీడీఎస్ కోసేస్తే, అతడు ఒక్కరోజు ఆలస్యమైనా ఆ డబ్బు వదులుకోవాల్సిందే. దాన్ని తీసేయమని కమిటీ సిఫార్సు చేసింది. ప్రభుత్వం పాత బిల్లును వెనక్కి తీసుకుని, సవరణలు కలిపి, ఆగస్టు 11న కొత్త బిల్లు పెట్టింది. ఆ ముక్క అందులో లేదు. కొత్త బిల్లు లోక్‌సభలో అదే రోజు, దాదాపు చర్చే లేకుండా, నిమిషాల్లో పాసైంది. నెలల తరబడి సాగిన చదువు గదిలో, నిమిషాల తంతు సభలో. పార్లమెంటు పని ఎక్కడ జరుగుతుందో వెతికేవాళ్లు ఈ తేడా గమనించాలి.

ఇప్పుడు ఖర్చయిన డబ్బు వెంట వెళ్దాం. దాని వెనక నడిచేది కాగ్. రాజ్యాంగం కింద బహుశా అత్యంత ముఖ్యమైన అధికారి ఇతడేనని 1949లో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ అన్నారు. ఆ పదవిని అమర్చిన తీరు చూడండి: నియమించేది రాష్ట్రపతి, తొలగించాలంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతే, జీతం సభ ఓటుకు రాదు, పదవి దిగాక కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ మరో ప్రభుత్వ పదవి చేపట్టకూడదు. భయమూ ఆశా రెండూ తీసేశారు.

ఆడిట్ కింది స్థాయిలో చాలా నిరాడంబరంగా మొదలవుతుంది. ఆడిట్ బృందం ఒక కార్యాలయానికి వెళ్లి వోచర్లు, క్యాష్‌బుక్, స్టాకు రిజిస్టర్లు తీయిస్తుంది. అనుమానం వచ్చిన చోట మెమో రాస్తుంది. దీనికి 'హాఫ్ మార్జిన్' అని పేరు: కాగితంలో ఒక సగంలోనే ప్రశ్న రాస్తారు, పక్క సగం జవాబు కోసం ఖాళీ. ప్రశ్న ఎదురుగానే జవాబు పడాలి, తర్వాత ఎవరు చూసినా రెండూ ఒకే చూపులో కనిపించాలి. ఈ పని చాలావరకు కంప్యూటర్‌లోకి వెళ్లినా పద్ధతి మారలేదు. జవాబు సరిపోతే అక్కడితో ముగుస్తుంది. సరిపోకపోతే తనిఖీ నివేదికకు ఎక్కుతుంది. అందులో బరువైనది ముసాయిదా పేరాగా మారి నేరుగా శాఖ కార్యదర్శికి వెళ్తుంది. ఆరు వారాల్లో జవాబు రావాలి. అప్పటికీ నిలిచిన పేరాలే కాగ్ నివేదికలో అచ్చయి, 151వ అధికరణం కింద రాష్ట్రపతి ద్వారా పార్లమెంటుకు చేరతాయి. పత్రికలో మొదటి పేజీకి ఎక్కే ఆడిట్ పేరాకు ఇన్ని జల్లెళ్లు ఉన్నాయి.

ఈ నివేదికల పక్కనే వినియోగ లెక్కలు వస్తాయి. ఒక నిలువు వరసలో సభ ఇచ్చింది, మరో వరసలో ఖర్చయింది, ఆ పక్కన తేడా. ఒక డిమాండ్‌లో రూ.100 కోట్లు, ఆపైన మిగిలితే ఆ శాఖ ప్రజా పద్దుల కమిటీకి వివరణ రాసుకోవాలి. మిగిలితే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ వాడని డబ్బు మరో పనికి దక్కకుండా ఆగిన డబ్బు. అడిగేటప్పుడు అంచనా తప్పిందనో, ఇచ్చాక పని సాగలేదనో దానర్థం. ఇక మించి ఖర్చయితే మొత్తం ఎంతన్న పట్టింపే లేదు. ఒక్క రూపాయి ఎక్కువైనా లెక్క చెప్పాల్సిందే.

ఆ లెక్క వినేది ప్రజా పద్దుల కమిటీ, వాడుకలో పీఏసీ. 1921లో పుట్టింది. 1950 దాకా దాని అధ్యక్ష పీఠంలో కూర్చున్నది సాక్షాత్తూ ఆర్థిక మంత్రే. లెక్క చెప్పాల్సినవాడే లెక్క అడిగే కుర్చీలో! రాజ్యాంగం వచ్చాక అది స్పీకర్ కింది కమిటీ అయింది. 1967లో మినూ మసానీతో, ప్రతిపక్ష సభ్యుణ్ని ఛైర్మన్ చేసే సంప్రదాయం మొదలైంది. వాజ్‌పేయి ఆ కుర్చీలో కూర్చున్నారు. జనతా ప్రభుత్వ కాలంలో, 1978-79లో, మన పి.వి. కూర్చున్నారు. ఇది సంప్రదాయమే, నిబంధన కాదు. 2024లో రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభల్లోనూ పీఏసీ ఛైర్మన్ పదవి మీద రేగిన రగడ చూస్తే సంప్రదాయానికి కాపలా ఎంత పలచనో అర్థమవుతుంది.

పార్లమెంటు పీఏసీలో 22 మంది: లోక్‌సభ 15, రాజ్యసభ 7. దామాషా పద్ధతిలో ఏటా ఎన్నిక, కాబట్టి అన్ని ప్రధాన పార్టీలకూ చోటుంటుంది. మంత్రులు సభ్యులు కారు, సాక్షులుగానూ రారు. వచ్చేది శాఖ కార్యదర్శి, డబ్బుకు ముఖ్య జవాబుదారు ఆయనే కాబట్టి. రాజకీయ నాయకత్వం చేసిన నిర్ణయం తప్పా ఒప్పా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. 308వ నిబంధన అడగమన్నవి ఇవి: ఖర్చయిన డబ్బు ఆ పనికి చట్టప్రకారం అందుబాటులో ఉందా? ఖర్చు దానికిచ్చిన అధికారానికి లోబడి ఉందా? మళ్లింపులు నిబంధనల ప్రకారమే జరిగాయా? సభ్యుల పక్కన కాగ్, ఆయన అధికారులు ఉంటారు. ఏ పేరాలో ఏం అడగాలో ముందే వివరిస్తారు. మాట మాటా రికార్డవుతుంది. ఏకాభిప్రాయంతో నివేదిక ఇవ్వడం ఆనవాయితీ. అది తెగిన సందర్భాలున్నాయి, 2011లో 2జీ స్పెక్ట్రమ్ కేటాయింపుల ముసాయిదా నివేదిక మీద కమిటీ నిలువునా చీలిపోయింది. కానీ ఎక్కువ నివేదికల్లో ఎవరు ఏ పార్టీయో చెప్పలేం.

పీఏసీ సిఫార్సును ప్రభుత్వం పాటించి తీరాలన్న నిబంధన లేదు. ఈ లోటును తీర్చడానికి కనిపెట్టినదే చర్యల నివేదిక. ఆరు నెలల్లో ప్రభుత్వం ప్రతి సిఫార్సుకూ జవాబివ్వాలి. ఆ జవాబులను కమిటీ మళ్లీ చదివి, రెండో నివేదికలో అధ్యాయాలుగా పంచుతుంది. మొదటి అధ్యాయం కమిటీ వ్యాఖ్యలు. రెండోదానిలో ప్రభుత్వం ఒప్పుకున్న సిఫార్సులు. మూడోదానిలో జవాబు విన్నాక కమిటీ వదిలేసినవి. నాలుగోదానిలో జవాబు నచ్చక కమిటీ మళ్లీ పట్టుబట్టినవి. అయిదోదానిలో తుది జవాబు ఇంకా రానివి. తెరిచిన ఏ ప్రశ్నా దారిలో మాయమైపోకుండా చేసిన ఏర్పాటిది. అయిదు అధ్యాయాల్లో ఎక్కడో ఒకచోట దాని పేరు కనిపించాలి. తెలివైన పాఠకుడు నాలుగో అధ్యాయం ముందు తిప్పుతాడు, శాఖకూ సభకూ నిజంగా ఎక్కడ చెడిందో అక్కడే తెలుస్తుంది.

చివరికి మించిన ఖర్చు. సభ ఇచ్చినదానికి మించి ఒక డిమాండ్‌లో ఖర్చయితే అది 114వ అధికరణాన్ని దాటిన ఖర్చు. డబ్బు ఎప్పుడో వెళ్లిపోయింది, వెనక్కి రాదు. అయినా దాన్నలా వదిలేయరు. ముందు పీఏసీ ఆ అతిక్రమణ ఎందుకు జరిగిందో పరిశీలించి, క్రమబద్ధం చేయవచ్చో లేదో సిఫార్సు చేయాలి. ఆ తర్వాతే 115వ అధికరణం కింద ప్రభుత్వం 'అదనపు గ్రాంటు' అడుగుతూ మళ్లీ లోక్‌సభకు వస్తుంది. సంవత్సరాల కింద ముగిసిపోయిన ఖర్చుకు, అదే డిమాండ్ పేరు మీద, మళ్లీ ఓటింగ్, మళ్లీ ద్రవ్య వినిమయ బిల్లు, మళ్లీ రాష్ట్రపతి సంతకం. ఈలోగా ఆ ఖర్చు చేసిన అధికారి బదిలీ అయిపోయి ఉంటాడు, మంత్రి మారిపోయి ఉంటాడు, ఒక్కోసారి ప్రభుత్వమే మారిపోయి ఉంటుంది. పాత ప్రభుత్వం దాటిన గీతకు కొత్త ఆర్థిక మంత్రి లేచి నిలబడి సభ అనుమతి కోరతాడు.